గర్వింపదగిన వేషము

నటుడు తాను ధరించిన వేషమును గూర్చి గర్వించుట లోకమున సహజము. రాజు వేషము కట్టినవాడు గర్వించును. రావణుని వేషము కట్టినవాడు అంతకంటె ఎక్కువ గర్వించును. తాగి భార్యను కొట్టువాని వేషమునకును, పదిమందిని నరికిన దుండగీని వేషమునకును మనము చప్పట్లు చరచినాము, పూలదండలు వేసినాము. కాని ఒక పురుషుడు మరియొక పురుషుని ప్రేమించిన కథలో ఒక పెద్దనటుడు వేషము ధరించి తలయెత్తి నిలుచున్నచో మాత్రము, మనలో పెద్దలనిపించుకొన్నవారు కొందరు "అది గర్వింపదగినదా?" అని ప్రశ్నించుచున్నారు. గర్వింపదగినదే అని నా వాదము. ఆ వాదమును ఈ సంచికలో వ్రాయుటకు చోటిచ్చిన సంపాదకవర్గమునకు కృతజ్ఞుడను. ఇది చదివి వారిపై కోపగింపవలదనియు, ఆ కోపమేదో నాపైననే చూపవలెననియు ముందుగా మనవి.

నేను చెప్పుచున్నది మలయాళ నటుడు శ్రీ మమ్ముట్టిగారిని గూర్చి. ఆయన మనకు పరాయివారు కారు. 1992లో శ్రీ కె. విశ్వనాథ్‌గారు తీసిన 'స్వాతికిరణం'లో అనంతరామశర్మ ఆయనయే. శిష్యుని ప్రతిభను చూచి ఓర్వలేక లోలోపల కుళ్ళిపోవు ఆ సంగీతవిద్వాంసుని మన రాబర్ట్‌సన్‌పేటలోను, అండర్సన్‌పేటలోను ఇంటింట తలచుకొన్నారు. 2019లో 'యాత్ర' అను చిత్రమున రాజశేఖరరెడ్డిగారి పాత్ర ధరించినదియు ఆయనయే. ఉత్తమ నటుడుగా జాతీయ పురస్కారము మూడు పర్యాయములు గెలుచుకొన్న మనిషి. అట్టివారు 72 సంవత్సరముల వయస్సున, 2023 నవంబరు 23వ తేదీన విడుదలయైన 'కాదల్ – ది కోర్' అను చిత్రమున మాథ్యూ దేవసి అను పాత్ర ధరించిరి. దర్శకుడు శ్రీ జియో బేబి. ఓమన అను భార్య పాత్ర ధరించినది శ్రీమతి జ్యోతిక. ఆ చిత్రమును నిర్మించినది మమ్ముట్టిగారి సొంత సంస్థ. గర్వమును నోటితో చెప్పువారు పెక్కుమంది కలరు. తన పేరును, తన సంస్థను, యాబది ఏండ్ల కీర్తిని ఒక్క చిత్రము మీద పెట్టి చూపువారు అరుదు. ఆ సంవత్సరమునకు కేరళ రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తమ చిత్ర పురస్కారము ఆ చిత్రమునకే లభించినది.

మన సంఘపు సాయంకాల గోష్ఠిలో నేనీ చిత్రమును ప్రస్తావించినప్పుడు, నాకు పెదనాన్న వరుస యగు ఒక వృద్ధులు నా చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి, "ఏమప్పా, మనవళ్లను ఎత్తుకొనే వయసులో నీకీ మాటలేంటికప్పా?" అని అడిగిరి. ఆయనయందు నాకు గౌరవము మెండు. అందుచేత అక్కడ వాదింపలేదు. మనవలను ఎత్తుకొను వయస్సు వచ్చినందువలననే ఈ మాటలు ఎత్తవలసివచ్చినదని ఇక్కడ చెప్పుచున్నాను. పెండ్లిండ్లు కుదుర్చువారము మనము. జాతకములు చూచువారము, కట్నకానుకలు మాటలాడువారము, "ఒక్క ముడి పడినచో అంతయు సర్దుకొనును" అని అభయమిచ్చువారము మనమే.

ఆ చిత్రపు కథ సరిగా ఈ మాట మీదనే నిలిచియున్నది. మాథ్యూ దేవసి నడివయస్సు దాటిన గృహస్థుడు, ఊరిలో పరువు కలవాడు. కుమార్తె ఎదిగినది. పంచాయతీ ఉపయెన్నికలో అభ్యర్థిగా నిలుచుటకు ఒప్పుకొనును. ఆ దినములలోనే భార్య ఓమన, 20 ఏండ్ల కాపురము తరువాత, విడాకులు కోరుచు న్యాయస్థానమునకు పోవును. భర్త తాగుబోతు కాడు, కొట్టువాడు కాడు, పరస్త్రీలోలుడు కాడు. ఆయన మనస్సు మాత్రము ఒక పురుషునియందున్నది. ఆ పురుషుడు అదే ఊరిలో కారు నడుపుట నేర్పు తంకన్ అను సామాన్యుడు. ఊరు గుసగుసలాడును, ఎన్నికల ప్రచారము సాగును, వకీళ్ళు ప్రశ్నలడుగుదురు. అశ్లీలమును ఊహించి ఆ చిత్రము చూడనివారికి ఒక సంగతి చెప్పవలెను: ఆ ఇరువురు పురుషులు తెరపై కలిసి కనబడు సందర్భములే బహు తక్కువ. ఒకరినొకరు దూరమునుండి చూచుకొందురు, అంతే. మన పండుగలకు విడుదలయగు చిత్రములలోని ఒక్క పాటలో ఉండు అసభ్యత ఆ చిత్రమంతయు వెదకినను దొరకదు.

ఆ కథలో నన్ను కదిలించినది భర్త దుఃఖము కంటె ఎక్కువగా భార్య నిబ్బరము. ఆమె పగతో న్యాయస్థానమునకు పోలేదు. తనకు రానిదేమో, ఆయనకు లేనిదేమో ఎరిగి, ఇరువురికిని విడుదల కలుగవలెనని పోయినది. ఇక ఆ ముసలితండ్రి! కుమారుని స్వభావమును ముందే ఎరిగియుండియు, పెండ్లి చేసినచో బాగుపడునని తలచి, ఒక ఆడపిల్లను తెచ్చి ఆ ఇంటిలో పెట్టినవాడాతడు. తన పరువు కొరకు ఇంకొకరి కన్నబిడ్డ జీవితమును కొనుక్కొన్నాడు. మనలో ఎంతమందిమి ఆ తండ్రులమో ఎవరి గుండెపై వారు చేయి వేసికొని చూచుకొనవలెను.

మన సంగతి చూడుడు. కోలారు జిల్లాలో తెలుగు పల్లెలకు కొదువలేదు గాని, గనుల పట్టణమున మనము అల్పసంఖ్యాకులము. ఇక్కడ సంబంధములు చాలవు. కుప్పము నుండియు, పలమనేరు నుండియు, మదనపల్లె నుండియు పిల్లలను తెచ్చుకొందుము. అక్కడివారు ఇక్కడి అబ్బాయిని ఎరుగరు. మన మాట నమ్మి పిల్లనిత్తురు. అబ్బాయి ముప్పది దాటినను పెండ్లి వద్దనుచున్నాడనిన "సిగ్గు" అందుము. ఏడ్చినచో "దిష్టి" అందుము. ఒక తాయెత్తు కట్టి పీటలపై కూర్చుండబెట్టుదుము. పిమ్మట ఆ పిల్ల పుట్టింటికి పోయి రానిచో లోపమంతయు పిల్లదే! కారణమేమో ఇరుప్రక్కల పెద్దలకు తెలిసియే ఉండును. ఎవరును పెదవి విప్పరు. పంచాయతీలో నగలు లెక్కపెట్టి పంచుకొనుటతో ఆ కథ ముగియును. అటువంటి చిత్రములు సంసారములను చెరచునని నాతో వాదించువారిని నేను అడుగునదొక్కటే. సంసారమును చెరచినది చిత్రమా? తెలిసి తెలిసి అబద్ధపు ముడి వేయించిన మనమా? కుటుంబము పవిత్రమని నమ్మువాడెవడైనను ఆ భార్య పక్షమున నిలువవలెను. ఆ చిత్రము నిలిచినది.

"ఇది మన సంస్కృతి కాదు, తెల్లవాండ్లు తెచ్చిన రోగము" అనునది రెండవ ఆక్షేపణ. ఈ మాట గోల్డ్‌ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగినవారి నోట వినుట వింతగా నున్నది. మన ఊరికి 'చిన్న ఇంగ్లండు' అని పేరుండెడిదని చెప్పి ఛాతీ విరచుకొనువారు వీరే. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీ దొరలు వచ్చి గనులు త్రవ్విరనియు, 1902లోనే శివసముద్రమునుండి మనకు కరెంటు వచ్చినదనియు, దొరల క్లబ్బు, గోల్ఫు మైదానము, బంగళాలు ఎట్లుండెడివనియు మనుమలకు కథలుగా చెప్పుదురు. మంచిదే, నేనును చెప్పుదును. కాని తెల్లవాండ్లు ఈ విషయమున తెచ్చినది ప్రేమను కాదు, శిక్షను. 1860లో చేసి 1862 జనవరి 1వ తేదీన అమలుపరచిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను వారు వ్రాసినది. ఆ ముసాయిదాకు మూలపురుషుడు మెకాలే దొర. దొరల విస్కీ మానినాము, దొరల టోపీ మానినాము, 1956లో గనులను మైసూరు ప్రభుత్వము వశము చేసికొన్నది. ఆ సెక్షనును మాత్రము మన తాతముత్తాతల సొత్తన్నట్లు పట్టుకొని వ్రేలాడితిమి.

దొరలు తమ దేశమున ఆ చట్టమును ఏమి చేసిరో చూడుడు. 1957లో ఊల్ఫెండెన్ అధ్యక్షతన ఒక సంఘము కూర్చుండి, వయస్సు వచ్చిన ఇరువురు పురుషులు తమ సమ్మతితో ఏకాంతమున చేయునది నేరము కారాదని నివేదించినది. పార్లమెంటు పదేండ్లు నాన్చినది. ఆ మధ్యకాలమున, 1961లో, 'విక్టిమ్' అను చిత్రము వచ్చినది. అందులో పురుషునియందు మనస్సు పడి, దానివలన బెదరింపులకు గురియగు ఒక న్యాయవాది పాత్రను డర్క్ బోగార్డ్ ధరించెను. ఆతడు అప్పటికి యువతులు పడిచచ్చు కథానాయకుడు. ఆ వేషము వలన బజారు పోవునని తెలిసియే ఒప్పుకొన్నాడు. తన జీవితములో చేసిన మంచి నిర్ణయములలో అదియొకటని పిమ్మట ఆత్మకథలో గర్వముగా వ్రాసికొన్నాడు. 1967లో ఇంగ్లండు, వేల్సులలో ఆ చట్టము సడలినది. ఒక చిత్రము వలననే చట్టము మారినదని నేను చెప్పను. అటువంటివి పలువురి పాటు వలన జరుగును. కాని నలుగురు మాటలాడుటకు జంకిన సంగతిని ఒక ప్రసిద్ధ ముఖము తెరపై మాటలాడినచో, ఇండ్లలో మాట పుట్టును. ఆ పని నటుడు చేయగలడు. నాబోటి గుమాస్తా చేయలేడు.

మన దేశమున 2009 జూలై 2వ తేదీన ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ సెక్షను కోరలు పీకినది. 2013 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానము మరల వాటిని మొలిపించినది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు, వయస్సు వచ్చినవారి పరస్పర సమ్మతి నేరము కాదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఇంగ్లండు వదలిన 51 సంవత్సరములకు మనము వదలితిమి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త స్మృతిలో ఆ సెక్షనే లేదు. కాబట్టి "నేరమైన దానిని పొగడుచున్నావు" అని నన్నెవరును అనజాలరు.

2018వ సంవత్సరము మన ఊరికి ఇంకొక విధముగ చిరస్మరణీయము. ఆ డిసెంబరులో 'కె.జి.ఎఫ్.' అను చిత్రము వచ్చి మన ఊరి పేరును దేశమంతట మ్రోగించినది. మన సైనైడు దిబ్బలమీదనే దాని సెట్లు వేసిరి. గనిని బానిసల కొట్టముగా, గనివారిని గొంతు లేని పశువులుగా, కథానాయకుని శవముల గుట్టలమీద నడచువానిగా చూపిన ఆ చిత్రమునకు మన పిల్లలు గడ్డములు పెంచిరి. రెండవ భాగము 2022 ఏప్రిలులో వచ్చినప్పుడు టిక్కెట్లకు కొట్లాడిరి. 3,000 మీటర్లకు పైబడిన లోతున, ఆ వేడిమిలో, రాతిపేలుడులకు ప్రాణములొడ్డి పనిచేసిన మన తండ్రుల సత్యకథ అందులో ఆవగింజంతయు లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన పిమ్మట ప్రతి తెల్లవారుజామున మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవువారి గోడు అసలే లేదు. దాని వలన సంస్కృతి చెడినదని మన సంఘమున ఒక్క తీర్మానమైనను ప్రవేశపెట్టినవారు లేరు. నూర్గురిని చంపినవాడు మన ఊరికి గర్వకారణము. ఒక్కని ప్రేమించినవాడు తలవంపు! ఈ త్రాసు ఎక్కడ చేయించినదో నాకు తెలియదు గాని, దీనితో బంగారము తూచియుండినచో కంపెనీ మొదటి సంవత్సరమే దివాలా తీసియుండును.

తెలుగువాని సంస్కృతి సంగతి యెత్తినారు గనుక అదియు చూతము. స్థానం నరసింహారావుగారు పురుషుడు. సత్యభామగా రంగస్థలముపై నడచివచ్చినప్పుడు ఆంధ్రదేశము ఊగిపోయినది. 1956లో పద్మశ్రీ బిరుదమిచ్చి ప్రభుత్వము గౌరవించినది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు భామవేషము కట్టి 1970లో అదే బిరుదము పొందిరి. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో, అప్పటికే రాముడుగా కృష్ణుడుగా ఇంటింట పటములకెక్కిన రామారావుగారు బృహన్నలగా చీర కట్టిరి, జడ వేసికొనిరి, రాజకుమారికి నాట్యము నేర్పిరి. ఆయన మగతనము ఏమైనను తరిగినదా? వేషము వేరు, ప్రేమ వేరు అని మీరందురు. నేనును అదియే అందును. భామవేషము కట్టినవారికిని నేను చెప్పుచున్న ప్రేమకును ఎట్టి సంబంధమును నేను అంటగట్టుట లేదు. నా మాట నటుని గౌరవమును గూర్చి మాత్రమే. వేషము వలన నటుడు చిన్నవాడగునను మాట తెలుగు రంగస్థలము ఎన్నడును ఒప్పుకొనలేదు.

ఆ ఔదార్యము తరువాత ఏమైనదో చెప్పుటకు సిగ్గగుచున్నది. కొన్ని దశాబ్దములుగా మన తెలుగు చిత్రములలో మెత్తగా మాటలాడు పురుషుడు కనబడినచో, ఆతడు నవ్వులాటకు, తన్నులాటకు వచ్చినవాడే. కథానాయకుడు వానిని చూచి భయపడినట్లు నటించును, జనము పగలబడి నవ్వును. 'తేడా' అను చక్కని తెలుగు మాటను తిట్టుగా మార్చినది ఆ హాస్యమే. ఆ నవ్వులో మన ఇంటి పిల్లవాడును ప్రక్క కుర్చీలో కూర్చుండి నవ్వినట్లు నటించుచుండునేమో యని ఎవరును తలపరు.

పత్రికలవారి భాషయు ఇట్లే యున్నది. 'స్వలింగ సంపర్కులు' అని వ్రాయుదురు. నాకును మా ఇంటిదానికిని పెండ్లియై నలువది ఏండ్లు కావచ్చినది. మమ్ము గూర్చి వ్రాయువారెవరును 'భిన్నలింగ సంపర్కులు' అని వ్రాయరు; 'దంపతులు' అందురు. జ్వరము వచ్చినప్పుడు నా నుదుట తడిగుడ్డ వేసిన చేతిని, నేను ఆలస్యముగా వచ్చిన రాత్రులు అన్నము తినక కూర్చున్న మనిషిని, సంపర్కమను మాట పట్టగలదా? ఒకరికి 'ప్రేమ' అనియు ఇంకొకరికి 'సంపర్కము' అనియు వ్రాసిననాడే తీర్పు చెప్పివేసితిమి. తరువాతి వాదోపవాదములన్నియు లాంఛనము.

తెలుగులో ఇటువంటి ప్రయత్నము జరుగలేదా యనిన, జరిగినది. 2018 ఫిబ్రవరిలో శ్రీ ప్రశాంత్ వర్మ దర్శకత్వమున 'అ!' అను చిత్రము వచ్చినది. మన పొరుగుననే, బెంగుళూరులో పుట్టి పెరిగిన నిత్యా మేనన్, తెలుగు పిల్లయగు ఈషా రెబ్బ — కృష్ణవేణి, రాధ అను ఇరువురు ప్రేయసుల పాత్రలు ధరించిరి. ఫలహారశాలలో రాధ తాను ప్రేమించిన మనిషిని తల్లిదండ్రులకు చూపుటయు, వచ్చినది అబ్బాయి కాక అమ్మాయి యగుటయు, ఆ పెద్దల దిగ్భ్రమయు ఎంతో సహజముగా నుండును. నిత్యా మేనన్ ఆ పాత్రను ఎట్టి వెకిలితనమును లేక, ఎట్టి బెదురును లేక నటించినది. 1996లో వచ్చిన 'ఫైర్' చిత్రమును దీని ప్రక్క పెట్టి చూడవలెను. హైదరాబాదున జన్మించిన షబానా ఆజ్మీగారు అందులో రాధ, నందితా దాస్ సీత. సెన్సారువారు కోతలు లేకుండ విడిచినను, 1998 డిసెంబరు ఆరంభమున బొంబాయి, ఢిల్లీ థియేటర్లపై పడి అద్దములు పగులగొట్టిరి. రాధయనియు సీతయనియు పేర్లు పెట్టుటయే మహాపరాధమనిరి. షబానాగారు అప్పుడు రాజ్యసభ సభ్యురాలు. బెదరి వెనుకకు పోలేదు. చిత్రము మరల సెన్సారుకు పోయి, మరల కోతలు లేకుండ 1999 ఫిబ్రవరిలో ఆడినది. ఇరువది ఏండ్లకు మన తెలుగుచిత్రము రాధయనియు కృష్ణవేణియనియు పేర్లు పెట్టినది. ఒక్క అద్దము పగులలేదు. జనము మారలేదని చెప్పువారికి ఇది జవాబు.

అయినను 'అ!' విషయమున నాకొక ఫిర్యాదు కలదు. కథ చివరకు ఆ పాత్రలన్నియు కాళి అను ఒక్క గాయపడిన యువతి మనస్సులోని ముక్కలని తేలును. అనగా మన తెలుగుతెర ఇరువురు స్త్రీల ప్రేమను మర్యాదగా చూపినది గాని, దానికి ఇల్లు ఇచ్చుటకు జంకి, నలిగిన మనస్సులో ఒక మూలగది అద్దెకిచ్చినది. ఇంకొక చిత్రము చూడుడు. ఆ చిత్రపు నిర్మాత ప్రసిద్ధ కథానాయకుడు నాని. అట్టి చిత్రమునకు ధనము పెట్టినందుకు ఆయనను అభినందింపవలసినదే. ఆయనయు, మరియొక ప్రసిద్ధ కథానాయకుడు రవితేజయు ఆ చిత్రమున వినబడుదురు — ఒకరు చేపకు, ఒకరు చెట్టుకు గొంతునిచ్చిరి! తెలుగు కథానాయకుడు చేప కాగలడు, చెట్టు కాగలడు, ఒకే చిత్రమున తండ్రియు కొడుకును కాగలడు. పురుషుని ప్రేమించు పురుషుడు మాత్రము కాజాలడు. అందులకే మమ్ముట్టిగారి వేషము మనకు ఇంత దూరముగా కనబడుచున్నది.

అభిమానులు ఒప్పుకొనరని నిర్మాతలందురు. మన ముళబాగిలు తాలూకాలో జన్మించిన సౌందర్య తెలుగుతెరపై అగ్రతారగా వెలుగుచున్న దినములలో, సొంతముగా 'ద్వీప' అను కన్నడచిత్రమును నిర్మించినది. ఆనకట్ట నీటిలో మునిగిపోవు ఒక కుటుంబపు కథ అది. పాటలు లేవు, పోరాటములు లేవు. ఆమె అభిమానులు అడిగినది అది కాదు. దానికే జాతీయ ఉత్తమచిత్ర పురస్కారము వచ్చినది. 2004 ఏప్రిలు 17న విమానప్రమాదమున ఆమె పోయిన పిమ్మట కోలారు జిల్లా ఆమెను ఏ చిత్రము పేరు చెప్పి తలచుకొనుచున్నదో అందరెరుగుదురు. నటులకు తమ ప్రేక్షకులపై నమ్మకముండినచో ప్రేక్షకులు ఎదుగుదురు.

ఇది చిత్రముల ముచ్చట మాత్రమే యైనచో నేనింత వ్రాయను. నేను చదివినది ఎస్సెస్సెల్సీ వరకే, ఉద్యోగము గుమాస్తాగిరి. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడ నా బల్లమీదికి వచ్చు కాగితములలో నామినీ పత్రములు ముఖ్యమైనవి. ఉద్యోగి మరణించినచో భవిష్యనిధి ఎవరికి చెందవలెనో అందులో వ్రాయవలెను. ఒక బ్రహ్మచారి ఉద్యోగి, తల్లిదండ్రులు గతించినవాడు, ఒక పురుషుని పేరు వ్రాసి 'సంబంధము' అను గడిని ఖాళీగా విడిచినాడు. వారిరువురును ఒకే లైనింటిలో ఇరువది ఏండ్లకు పైగా ఉండిరి. పై అధికారి ఎర్రసిరాతో సున్న చుట్టి త్రిప్పి పంపెను. మరల ఖాళీగానే వచ్చినది, మరల ఎర్రసున్న. మూడవసారి 'స్నేహితుడు' అని వ్రాసియుండెను. వారి నడుమ ఏమి యుండెనో నేను అడుగలేదు. అది గుమాస్తా పని కాదు. కుటుంబము లేని చందాదారుడు తనకిష్టమైన వారి పేరు వ్రాయవచ్చునని నిబంధన ఉన్నది. నేను ఆ నిబంధన సంఖ్య వేసి కాగితము పైకి పంపితిని. ఆ మనిషి పోయినప్పుడు అన్న కొడుకులు నలుగురు ఎక్కడెక్కడి నుండియో దిగిరి. ఆ స్నేహితుడు శవము తలవైపున కాక, వాకిట వేపచెట్టు క్రింద పొరుగువారితో నిలుచుండెను. నామినీగా పేరున్నను, వారసుల అభ్యంతరము లేదని పత్రము తెమ్మని ఆతనిని రెండు సంవత్సరములు త్రిప్పిరి. ఆ త్రిప్పుటలో అక్రమము కంటె ఎకసెక్కెము ఎక్కువ. ఆతడు వచ్చినప్పుడెల్ల బల్లల వెనుక సైగలు. ఆ సైగలు వారెక్కడ నేర్చుకొనిరో నాకు తెలియును. శనివారము రెండవ ఆట సినిమాలో.

2023 అక్టోబరు 17న సర్వోన్నత న్యాయస్థానము ఇటువంటివారి వివాహమునకు చట్టరీత్యా గుర్తింపునిచ్చుట తన పని కాదని, అది శాసనసభల పని యని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమునకు పేరిచ్చినది హైదరాబాదు నివాసులగు సుప్రియో, అభయ్ అను జంట. తీర్పులో వారు కోరినది లభింపలేదు. కాని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖవారు ఒక ప్రకటన చేసిరి: ఇటువంటి జంటలు ఉమ్మడి బ్యాంకుఖాతా తెరచుటకు గాని, భాగస్వామిని నామినీగా వ్రాయుటకు గాని ఎట్టి అడ్డును లేదు. పత్రికలో ఒక మూల నాలుగు పంక్తులు. మా ఇంటిలో ఎవరును దానిని గమనింపలేదు. నేను కత్తిరించి దాచితిని.

పిల్లలు చూచి చెడిపోదురని చివరి ఆక్షేపణ. పిల్లలు చూచియే యున్నారు. వారి చేతులలోని ఫోనులలో ప్రపంచమున్నది, చూడనివారము మనమే. చిత్రము చూచినందువలన మనస్సు మారునదే యైనచో, ఇన్ని వేల తెలుగుచిత్రములలో నాయకుడు నాయికనే ప్రేమించుట చూచిన పిల్లవాడు ఇంకొక విధముగ ఎట్లు పెరిగినాడు? మారునది మనస్సు కాదు. తన స్వభావమును గూర్చి తల్లితో మాటలాడవచ్చునా లేదా యను నిర్ణయము మారును. మన ఊరి అబ్బాయిలు పెక్కుమంది బెంగుళూరులో గదులు తీసికొని ఉన్నారు. పండుగలకు వచ్చి, "పెండ్లి మాట ఎత్తవద్దు" అని చెప్పి, ఆదివారము రైలుకు పోవుచున్నారు. వారిలో కొందరు ఉద్యోగము కుదుటపడలేదని నిజముగానే చెప్పుచుండవచ్చును. మిగిలినవారు ఏమి చెప్పదలచి చెప్పలేక రైలెక్కుచున్నారో, ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి ఆ చిత్రము చూచిన తండ్రికి కొంత తెలియవచ్చును.

అందుచేత, వచ్చు ఉగాది వేడుకలలో ఏటేట వేయు చిత్రమునకు బదులు 'కాదల్ – ది కోర్' ప్రదర్శింపవలెనని కార్యవర్గమునకు లిఖితపూర్వకముగా ప్రతిపాదన ఇచ్చియున్నాను. నిడివి రెండు గంటలకు మించదు. భోజనముల వేళకు భంగము రాదు. భాష మలయాళమే యైనను, చుట్టును తమిళము వినుచు పెరిగిన మనకు సగము పైగా తెలియును. మిగిలినది మా చిన్నమ్మాయి చిన్న కాగితముపై తెలుగులో వ్రాసి పంచుటకు ఒప్పుకొన్నది. ప్రతిపాదనను బలపరచుటకు ఇంకొక సభ్యుని సంతకము కావలెనని నిబంధన. మొదటి సంతకము నాది. రెండవ గడి ఇంకను ఖాళీగా నున్నది. కాగితము కార్యదర్శిగారి వద్ద ఉగాదికి పదిహేను దినముల ముందు వరకు ఉండును.